నకలు తీయని దారి

మద్దిలేటి రాసిన ప్రోగ్రాం పుల్లమాంబ గొంతును తుడిచేసింది. ఆమె పోయి రెండేళ్లయింది. అమ్మ పాట వినాలని కూతురు తిరిపాలమ్మ ఆ సాయంత్రమే వస్తోంది.

యాకూబ్ మాస్టారు బనగానపల్లెలో ఒక మేడమీది గదిలో సి అనే కంప్యూటర్ భాష నేర్పేవారు. చుట్టుపక్కల తత్వాలు పాడే ముసలివాళ్ల గొంతులు రికార్డు చేసి, ఒక్కొక్కరికీ ఒక ఫోల్డరు పెట్టి కంప్యూటర్లో దాచుకోవడం ఆయనకు పిచ్చి. వాటిలో సరిగా పడని రికార్డులు ఏరి తీసేసే ప్రోగ్రాం రాసే పని ప్రియశిష్యుడు మద్దిలేటికి అప్పజెప్పారు.

పని చిన్నదే. ఒక్కో ఫైలును తుడిచేముందు అది ఎవరి ఫోల్డరులోదో తెర మీద చూపించాలి. ఫైలు ఎక్కడుందో చెప్పే దారిలో చివరి ఏటవాలు గీత దగ్గర కోస్తే, ఫైలు పేరు పోయి ఫోల్డరు దారి మిగులుతుంది. అలా కోసిపెట్టే ఫంక్షను సి లో సిద్ధంగానే ఉంది. కాకపోతే దానికో పాడు గుణం. మనం ఇచ్చిన అసలు దారినే కోసేస్తుంది.

"ముందు నకలు తీసి, నకలును కోయించు" అన్నారు మాస్టారు.

మద్దిలేటి నవ్వాడు. "దండగ లైను సార్. ఫోల్డరు పేరు తెర మీద చూపించేదానికే కదా!"

కుర్రాడికి తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ.

ప్రోగ్రాం ఫోల్డరు పేరు చూపించింది. తర్వాత ఆ దారి చివర ఉన్నదాన్ని తుడవబోయింది. అప్పటికే దారిలో ఫైలు పేరు లేదు, ఫోల్డరే మిగిలింది. ఏది దొరికితే దాన్ని మొత్తం తుడిచెయ్యమని రాసింది మద్దిలేటే. మొట్టమొదటి ఫోల్డరు పుల్లమాంబది. కంగారుగా ఆపేసరికి అది ఖాళీ. వెనక్కి తేవాలని చేసిన ప్రయత్నాలన్నీ బెడిసికొట్టాయి.

మద్దిలేటి మాస్టారి గది గుమ్మంలో నిలబడి విషయం చెప్పాడు. "తిట్టండి సార్" అన్నాడు.

మాస్టారు తిట్టలేదు. గోడ మీది ఫోటో దించి, చట్రంలోంచి బయటికి తీశారు. తంబూరాతో పుల్లమాంబ, వెనక రాతిగుట్ట. ఫోటోను బల్ల మీద ఉంచి, పక్కన కత్తెర పెట్టారు.

"ఇది యాడ తీసినామో ఆ చోటు ఒక్కటే నాకు కావల్ల. మనిషిని కత్తిరించి తీసెయ్."

మద్దిలేటి కత్తెర పట్టుకున్నాడు.

"ఇది ఒక్కటే కదా సార్ ఉండేది? కింద జిరాక్సు తీయించుకొస్తా. దాన్ని కత్తిరిస్తా."

అన్నాక గానీ తన మాట తనకు వినపడలేదు. మాస్టారు అతన్నే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు మద్దిలేటి. కత్తెర బల్ల మీద పెట్టి ఏడ్చేశాడు.

"ఆ రికార్డులకు ఇంకో నకలు పెట్టుకోవల్లని ఇన్నేళ్లలో నాకూ తోచలేదప్పా" అన్నారు మాస్టారు మెల్లగా.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. తిరిపాలమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. కూర్చోకముందే అడిగింది.

"మా అమ్మ పాట పెడ్తారా సార్?"

మాస్టారు ఆమెకు కుర్చీ జరిపారు. శిష్యుడి వైపు చూశారు.

"నేనే తుడిచేసినానమ్మా" అన్నాడు మద్దిలేటి. "చెప్పినా ఇనకుండా."

తిరిపాలమ్మ అతని దగ్గరికి వచ్చింది.

"ఒక్క పాటన్నా మిగల్లేదా నాయనా?"

మద్దిలేటి తల అడ్డంగా ఊపాడు. బల్ల మీది ఫోటోను రెండు చేతులతో తీసి ఆమెకు అందించాడు.