చదును రాయి

కమ్రుద్దీన్‌కు ఆ చలికాలమంతా ఒకటే దిగులు. గురువు మస్కీన్ షాకు ఎనభై దాటాయి, దగ్గు వదలడం లేదు. రేపు ఆయన కళ్లు మూస్తే ఊరు ఎన్నాళ్లు తలుచుకుంటుంది?

శిష్యుడు కాకముందు అతను రాతిపనివాడు. అందుకే ఆ దిగులు కూడా చివరికి రాతి దగ్గరే తేలింది.

ఊరి బయట పాత సుల్తానుల సమాధులున్నాయి. ఆ వంశం పోయి నూరేళ్లు దాటింది. అడిగే దిక్కు లేక అక్కడి నల్లరాళ్లు కాళ్లొచ్చినట్టు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఒకటి బావి ఒరకు చేరింది. ఇంకొకటి ఎవరి ఇంట్లోనో గుర్రాలు నీళ్లు తాగే తొట్టి అయింది.

"బాబా, అన్నిటికన్న పెద్ద రాయి మీకోసం తెస్త. దాని మీద సుల్తాను గుమ్మటం కన్న మూరెడు ఎత్తు గుమ్మటం కడ్త. మీరు ఊఁ అంటే చాలు" అన్నాడు ఒక ఉదయం.

మస్కీన్ షా దగ్గుతూనే నవ్వాడు. "ముందు రాయి చూద్దాం పద, బేటా."

పెద్ద సుల్తాను సమాధి చుట్టూ తుమ్మకంప అల్లుకుని ఉంది. లోపల గబ్బిలాల కంపు. రాయి మీద మాత్రం ఒక్క గీత పడలేదు. సుల్తాను పేరు, బిరుదులు నిన్న చెక్కినట్టున్నాయి. మగవాళ్ల సమాధికి పెట్టే దిమ్మ రాయి నడుమ ఠీవిగా నిలబడి ఉంది. కమ్రుద్దీన్ మురిసిపోతూ కొలతాడు తీశాడు.

ఇంతలో బయట ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. మస్కీన్ షా అటు నడిచాడు.

గుమ్మటం లేని ఒక రాణి సమాధి అది. ఆడవాళ్ల సమాధి రాయి కాబట్టి పలకలా చదునుగా ఉంది. పేరు అరిగిపోయింది. చుట్టూ చిమ్మి, నీళ్లు చల్లి ఉంది. సాయవ్వ అనే ఆమె రాయిని తాకి కళ్లకు అద్దుకుని, గుడ్డ పరిచి వడియాలు పెడుతోంది. పెట్టడం ముగించిన ఇద్దరు గంపలెత్తుకుని వెళ్తున్నారు.

"ఎవరమ్మా ఈమె?" అని అడిగాడు మస్కీన్ షా.

"మా బేగమమ్మ. రోజూ కడుగుతం. ఈమె మీద ఎండితే వడియం ఇరగదు."

"మరి ఆ లోపలాయన?"

"ఆయనెవరో మాకేమెరుక తాతా? నడుమ దిమ్మ ఉన్నది, వడియాలు జారతయి. ఎండ సుత రాదు." ఆమె కడవ ఎత్తుకుంది. "జర కాకుల జూడు. బాయి కాడికి వొయ్యొస్త."

మస్కీన్ షా సంబరంగా కర్ర అందుకుని కూర్చున్నాడు. ఊరంతా కాళ్లకు మొక్కే మనిషి "హుష్, హుష్" అంటూ కాకులను అదిలిస్తుంటే కమ్రుద్దీన్‌కు తల కొట్టేసినట్టయింది. ముసలాయన మాత్రం ఎండకు వీపు కాచుకుంటూ హాయిగా ఉన్నాడు. దగ్గు కూడా కాస్త నెమ్మదించింది.

"బేటా, నా రాయి ఇట్ల చదునుగ చెక్కు."

"బాబా! అది ఆడవాళ్ల రాయి. ఊరు ఊరంత నవ్వుతది."

"నవ్వనీ. నవ్వుకుంటనే వస్తరు కద."

కమ్రుద్దీన్‌కు ఒక్క ఆశ ఇంకా మిగిలి ఉంది. "మరి గుమ్మటం?"

మస్కీన్ షా అరచెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"గుమ్మటం కడితే ఎండెట్ల తగుల్తదిరా?"

రాయి అంచున ఒక కాకి వాలింది. కమ్రుద్దీన్ కొలతాడు పక్కన పెట్టి, గురువు చేతిలోని కర్ర అందుకున్నాడు.