ఎర్రమ్మ పలికిన పేరు

మా గురువుగారు అయ్యలాచార్యులు ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఏదడిగినా ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి తీసి ముందు పెట్టి, ఆపైన నీ తిప్పలు నువ్వు పడమన్నట్టు ఊరుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ రోజు మాత్రం మండలేదు.

రెండు రాజ్యాల మధ్య యుద్ధం అప్పుడే ముగిసింది. జనాన్ని చంపించిన దళపతులను విచారించడానికి అయిదు దేశాలవాళ్లు కలిసి ఒక న్యాయసభ పెట్టారు. అందులో కూర్చోమని నా సహపాఠి విస్సనకు పిలుపొచ్చింది. వాడు మూట కట్టుకుని వచ్చి, గురువుగారి కాళ్లకు దండం పెట్టి అడిగాడు: "నేరం చేసినవాడికి శిక్ష పడితే, పోగొట్టుకున్నవాళ్లకు న్యాయం జరిగినట్టేనాండీ?"

గురువుగారు వాడి మూట దింపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. తర్వాత చెప్పుకొచ్చారు.

వయసులో ఉండగా ఆయన ఇలాంటి సభలోనే దుబాసీగా చేశారట. సాక్షుల మాటలు పరదేశపు న్యాయాధిపతులకు వాళ్ల భాషలో వినిపించడం పని. పారిపోతున్న జనాన్ని ఏరు దాటించాడని గండమనాయకుడనే దళపతి ఒక పడవవాణ్ణి కట్టి తీసుకుపోయాడు. నాయకుడి హుకుం మీద నరికి ఏట్లో తోశామని ఒక బంటు ఒప్పుకున్నాడు. శవం మాత్రం దొరకలేదు. చచ్చినవాడి పేరు బంటుకు తెలియదు. ఏరు దాటి బతికినవాళ్లకూ తెలియదు, వాళ్లకు ఆయన పడవవాడు, అంతే! పేరు తెలిసినవాళ్లలో యుద్ధం తర్వాత దొరికిన మనిషి పెళ్లాం ఎర్రమ్మ ఒక్కతే. నుదుట బొట్టు, మెడలో పసుపుతాడు, అలాగే వచ్చి సభలో నిలబడింది.

ఆ సభకు ఒక నియమం ఉంది. చనిపోయినవాడి పేరు, ఎరిగిన మనిషి నోటితోనే, అందరూ వినేలా పలకాలి. లేకపోతే ఆ హత్య జరగనట్టే లెక్క.

"నీ పెనిమిటి పేరేమిటి?" అని అడిగారు.

ఎర్రమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు పెళ్లాం నోట పలికితే ఆయుష్షు తరిగిపోతుందని ఆ ఏటిగట్టు వాళ్ల నమ్మకం. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఒక్కసారీ పలకలేదట. "మా పెద్దోడి అయ్య," అంది. "కుడికాలు కుంటుతాడు," అంది. కుంటేవాడు అనలేదు. గండమనాయకుడి వకీలు లేచి, పేరే లేని మనిషిని మావాడు చంపించాడంటే ఎలాగన్నాడు. న్యాయాధిపతులు మంచివాళ్లే, పాపం. వాళ్ల దేశాల్లో ఈ పట్టింపు లేదు. ఈవిడ ఎందుకింత మొండికేస్తోందో వాళ్లకు బోధపడలేదు.

"నాకు బోధపడింది," అన్నారు గురువుగారు. "అయినా దగ్గరికెళ్లి, చెప్పమ్మా, నువ్వు పలక్కపోతే వాడు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు, అన్నాను. అన్నది నేనే."

ఎర్రమ్మ గండమనాయకుడి వంక చూసింది. పేరు పలికింది. ఎవరూ అడక్కుండానే రెండోసారి, ఇంకా గట్టిగా పలికింది.

ఆ సాయంత్రమే వాడికి యావజ్జీవ చెర పడింది. సభంతా లేచి నిలబడింది. గురువుగారు సంతోషం పట్టలేక కబురు చెబుదామని బయటికి పరుగెత్తారు. ఎర్రమ్మ మెట్ల మీద కూర్చుని చెంగుతో బొట్టు తుడుచుకుంటోంది.

"ఎక్కడో బతికే ఉన్నాడనుకున్నానయ్యా ఇన్నాళ్లూ," అంది. "ఆళ్లు సంపింది నేను సూడలేదు. ఇయ్యాల నేనే సంపుకున్నాను."

అది విని నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. విస్సన మాత్రం తలొంచుకుని, "ఆవిడ పలక్కపోతే వాడు తప్పించుకునేవాడు కదండీ?" అన్నాడు.

"తప్పించుకునేవాడు."

"అయితే మీరు చేసింది ఒప్పేగా?"

గురువుగారు లేచి వాడి మూట తెచ్చి చేతికిచ్చారు. విస్సన అది అందుకుని, "ఇంతకీ ఆ పడవవాడి పేరేమిటండీ?" అన్నాడు.

"తీర్పులో రాసుంది, వెళ్లి చదువుకో నాయనా. నన్ను మాత్రం పలకమనకు," అన్నారు గురువుగారు.