ఆవగింజంత నత్తత్త

ఒకప్పుడు ఈ నత్త ఆవగింజంత ఉండేది కాదు. సముద్రం మధ్యలో ఒక వానల దీవి ఉంది. అక్కడి నత్త కొబ్బరిబోండాం అంత ఉండేది! వీపు మీద ఇల్లు, ఇంటికో తలుపు. చుక్క నీరు కారేది కాదు. అందరూ దాన్ని "నత్తత్తా" అని గౌరవంగా పిలిచేవారు. దానికీ ఆ పిలుపంటే మహా ఇష్టం.

ఆ దీవిలో ఒక కట్టుబాటు ఉండేది. తుఫాను వస్తే, కారని ఇల్లున్నవాళ్లు మిగతావాళ్ల గుడ్లను దాచిపెట్టాలి.

ఒక మధ్యాహ్నం పెద్ద తుఫాను వచ్చింది. చెట్లు విరిగి పడుతున్నాయి. నత్తత్త భయపడిపోయింది. గబగబా లోపలికి దూరి తలుపు బిగించుకుంది. గబగబా అంటే నత్తలకు గబగబా అనుకోండి!

టక్ టక్!

"నత్తత్తా, నేను చీమను. ఒక్కగానొక్క గుడ్డు. కాస్త లోపల పెట్టుకోవూ?"

తలుపు తీస్తే గాలి, నీళ్లు. నత్తత్త గొంతు మార్చి, "ఇంట్లో ఎవరూ లేరు!" అంది.

ఎవరూ లేకపోతే ఆ మాటన్నదెవరు? పైగా వీపు మీది ఇల్లు వదిలి నత్త ఎక్కడికి పోతుంది? అయినా వెర్రి చీమ నమ్మేసింది.

"అయ్యయ్యో! అత్త ఇల్లు ఊడిపోయినట్టుంది. ఈ గాలిలో ఎక్కడ తడుస్తోందో!" అని గుడ్డును ఎత్తుకుని వెతకడానికి పరుగెత్తింది.

ఆ మాటలు నత్తత్తకు వినిపించాయి. తలుపు మాత్రం తీయలేదు.

వాన వెలిశాక చీమ కుంటుకుంటూ వచ్చింది. "అత్తా! బతికే ఉన్నావా! నీ కోసం దీవంతా వెతికాను" అని ఏడ్చేసింది.

"గుడ్డేదమ్మా?" అంది నత్తత్త, తల ఎత్తకుండా.

"వరదలో పోయింది. నువ్వైనా దక్కావు, అదే చాలత్తా."

చీమ నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో నత్తత్తకు చచ్చిపోయినంత పనైంది. కళ్లు రెండూ లోపలికి లాక్కుంది. నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

చీమ వెళ్లాక అది వానను పిలిచింది. "వానమ్మా, ఎవరికీ కనిపించనంత చిన్నదాన్ని చేసెయ్యి నన్ను."

"నీ పెంకు మీదే కురిశాను, అంతా విన్నాను" అంది వాన. "వెళ్లి చీమతో నిజం చెప్పు. గుండె తేలికపడుతుంది."

"ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నా వల్ల కాదు."

వాన నిట్టూర్చి కురిసింది. చినుకు చినుక్కీ నత్తత్త తగ్గిపోయింది. బత్తాయంత అయింది, ఉసిరికాయంత అయింది, చివరికి ఆవగింజంత అయింది.

అప్పటినుంచే ఆ దీవి నత్త ఆకుల కింద నక్కి ఉంటుంది. ముట్టుకుంటే కళ్లు లోపలికి లాక్కుంటుంది. వాన పడితే మాత్రం తలుపు తెరిచి బయటికొస్తుంది, ఎవరైనా గుడ్డు తెస్తారేమోనని. తెచ్చినా ఏం లాభం? ఆ ఇంట్లో ఇప్పుడు చీమ గుడ్డు కూడా పట్టదు.