గంట మోగితేనే గారెలు

అనగనగా ఓ కోట. పేటల్లో ఇల్లంటుకుంటే జనం తాడు లాగాలి, కోటలో గంట మోగాలి, నీళ్లబండ్లు పరుగెత్తాలి. ఆ తాళ్లను రోజూ తనంతట తానే లాగి చూసి, బాగుంటే పచ్చజెండా ఎత్తే యంత్రాన్ని కోటలో గంటల అధికారి భూపతిరాయుడు పెట్టించాడు.

మండువేసవిలో మేదరపేటవాళ్లు ఎంత లాగినా గంట మోగలేదు. ఆ పేట సిద్ధమ్మ కోటకెళ్లి మొరపెట్టుకుంది.

"పచ్చజెండా కనబడటం లేదూ? తాడు బ్రహ్మాండంగా ఉంది. లోపం మీ చేతుల్లోనే, పో!" అన్నాడు రాయుడు.

"చిత్తం దొరా! రేపు మా పేటలో మీకు విందు. నాటుకోడి పులుసు, గారెలు. వండగానే తాడు లాగుతాం, గంట వినగానే వచ్చెయ్యండి."

మర్నాడు రాయుడు పస్తుండి గంట కిందే కూర్చున్నాడు. పొద్దువాలినా మోగలేదు. కడుపు కాలి పేటకు పరుగెత్తాడు.

"తాడు లాగలేదేం?"

"పేటంతా కలిసి లాగాం దొరా!" అంది సిద్ధమ్మ. " పచ్చజెండా ఎగురుతూనే ఉందిగా? లోపం మీ చెవుల్లోనే. మీ వాటా ఉట్టిమీద దాచాం, గంట మోగగానే వడ్డిస్తాం."

రాయుడు తాడు వెంబడి పరుగు తీశాడు. కోటగోడ వెలుపల అది తెగి వేలాడుతోంది. యంత్రం లాగి చూసేది గోడదాకానే!

దీపాలు పెట్టేలోగా కోటలో గంట ఖంగుమంది.