సుద్దమిట్ట బావిగట్టున పలుకులమ్మ

సుద్దమిట్ట బస్టాండు వెనుక, పురపాలక సంఘం వారి నీళ్ళ ట్యాంకు పక్కన, ఇనుప కంచె వేసిన పెద్ద బావి ఉంది. దాని గట్టున మోకాలెత్తు నల్లరాయి ఒకటి నిలిచి ఉంటుంది. ఆ రాతికి కన్నూ ముక్కూ లేవు. నడుము దగ్గర మాత్రం మోకుతాడు ఒరుసుకుని పడిన లోతైన గాడి ఉంది. భక్తులు పసుపు పూసి కొలిచే పలుకులమ్మ తల్లి ఈమే. గోపురం చూద్దామని వచ్చేవారు నిరాశపడతారు, ముందే చెబుతున్నాం.

పూర్వం ఇక్కడ బావి లేదు, ముళ్ళకంపలే. సుద్దమిట్ట కొత్తగా పురపాలక సంఘమైన రోజులవి. పేరు పెద్దదయింది గాని గొంతు తడుపుకోవడానికి నీళ్ళు లేవు. ఉన్న చేదబావులు రెండూ అడుగంటాయి. వాగు చెలమల నీళ్ళు తాగి ఒక్క వేసవిలోనే పదకొండు మంది పిల్లలు గత్తర తగిలి, వాంతులూ విరేచనాలతో పోయారు. అప్పుడు చైర్మన్ కోదండరామయ్య గారు ఊరందరికీ ఒక కొత్త బావి తవ్వించాలని నిశ్చయించి, బావుల పనిలో చెయ్యి తిరిగిన సుంకన్నను పిలిపించారు. సుంకన్న లోపల దిగి తవ్వేవాడు. అతని భార్య తిప్పక్క గట్టున నిలబడి మోకు కనిపెట్టుకుని ఉండేది. గంప గంపకూ ఆమె "ఉండావా?" అని కేకవేయడం, అతడు "ఉండా" అని బదులు పలకడం వారి పనిలో ఆనవాయితీ. ఆ బదులు వినపడేదాకా తిప్పక్కకు ఊపిరి ఆడేది కాదు.

అరవై అడుగుల దగ్గర బండ తగిలింది. తూటాలు పేల్చినా చుక్క రాలేదు. బావి ప్రాణం అడుగుతోందని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. తిప్పక్క ఎదురుపడితే ఆడవాళ్ళు మాట ఆపేసి ఆమెవంక జాలిగా చూసేవారు.

పేల్చిన మర్నాడు, ఎప్పటిలాగే, సుంకన్న గంపలో దీపం పెట్టి లోపలికి వదిలాడు. దీపం వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలని బావి పనివారి కట్టుబాటు. సగం లోతుకు పోకుండానే అది ఆరిపోయింది. మళ్ళీ వదిలితే మళ్ళీ ఆరింది. బావిలోని అమ్మవారికి కోపం వచ్చిందన్నారు ఊరివాళ్ళు. వెంటనే మేకను తెచ్చి గట్టున నరికారు. ఇక తల్లి శాంతించిందని అందరికీ ధైర్యం వచ్చింది. మూడోసారి దీపం వదలబోయిన తిప్పక్కను పెద్దలే అడ్డుకున్నారు.

"బలి ఇచ్చినాక కూడా దీపం పెట్టి చూస్తే తల్లిని నమ్మనట్టు గాదా?" అన్నారు కోదండరామయ్య గారు. "దిగు సుంకన్నా, పిల్లోళ్ళు సస్తాండారు."

పిల్లల మాట వినగానే సుంకన్న నడుముకు మోకు బిగించుకుని, గోడకున్న కాలిపట్ల ఆసరాతో దిగసాగాడు.

తిప్పక్క బావిలోకి వంగింది. "ఉండావా?" అంది. "ఉండా" అన్నాడు. గట్టున మోకు పట్టుకున్న నలుగురు మనుషులు ఇంకొంచెం వదిలారు. రెండోసారి పిలిస్తే బదులు ఆలస్యంగా, నీరసంగా వచ్చింది. మూడోసారి పిలిస్తే ఏమీ లేదు. మోకు ఒక్కసారిగా బరువెక్కింది.

"లాగండి నాయనా!" అని ఆమె గొంతు చించుకుంది. మోకు పట్టిన నలుగురూ బిగుసుకుపోయారు. తల్లి పట్టుకున్నవాణ్ణి లాక్కుంటే ఆమె ఊరి పిల్లల్ని అడుగుతుందేమోనన్న భయం వారిది. ఆ భయంతో ఒక్కొక్కరే చేతులు వదిలేశారు. మనుషులు చేయకూడని పని అది, అయినా చేశారు. జారిపోతున్న మోకును తిప్పక్క ఒక్కతే గట్టున నిలిచి ఉన్న నల్లరాతికి చుట్టి, కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. అరచేతుల చర్మం ఊడివచ్చింది.

"చైర్మన్ సామీ, దిగమన్నది నువ్వే గదా! నువ్వన్నా వచ్చి పట్టు!" అని ఏడ్చింది. ఆయన కదల్లేదు. ఆమె బావివైపు తిరిగి, ఉన్న సత్తువంతా కూడగట్టుకుని, "ఉండావా?" అని కడసారి కేకవేసింది.

"ఉండా. లాగండి."

పలికింది ఆడగొంతు.

గట్టున ఉన్నవారందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది. మొదట ఉరికివచ్చి మోకు పట్టింది కోదండరామయ్య గారే. ఆ వెనుక మిగిలినవారూ పట్టారు. సుంకన్న శవంలా పైకి వచ్చి, ముఖాన నీళ్ళు చల్లితే కాసేపటికి కళ్ళు తెరిచాడు. తాను పలకనే లేదన్నాడు.

ఆ మధ్యాహ్నం భర్త తల ఒళ్ళో పెట్టుకుని తిప్పక్క కునుకు తీయగా, తల్లి కలలో కనిపించి ఇలా ఆనతిచ్చింది: "నేను ప్రాణం అడగలేదు. లోపల చెడుగాలి ఉంది, రావద్దని దీపం ఆర్పి చెప్పాను. మీరు నాకు కోపమన్నారు, మేకను కోశారు. ఇకమీదట దిగమన్నవారే మోకు పట్టాలి." మర్నాటి నుంచి వేపమండలు కట్టి బావిలోకి దించుతూ ఎత్తుతూ గాలిని కలియబెట్టారు. నాలుగోనాడు దీపం అడుగుదాకా వెలుగుతూ పోయింది. ఆరోనాడు బండ చీలి జల పడింది.

నేటికీ ఏటా పూడిక తీసేనాడు ముందు దీపమే దిగుతుంది. అది ఆరిపోతే ఎంతటి అధికారి చెప్పినా ఎవరూ దిగరు. నిలిస్తే, చైర్మన్ పదవిలో ఎవరున్నా చెప్పులు విడిచి వచ్చి, దిగినవాడు ఎక్కేదాకా మోకు పట్టుకోవాలి. ఇక్కడ జంతుబలి నిషిద్ధం. మురుగు కాలువల్లోకి, గనుల్లోకి దిగేవారి ఇల్లాండ్రు దూరప్రాంతాల నుంచి వచ్చి రాతికి నూలుతాడు చుట్టి, తమవారు సాయంత్రానికి ఇల్లు చేరాలని మొక్కుకుంటారు. తల్లి వారి మొర ఆలకిస్తుందని నమ్మకం.

ఈ బావిలోకి దిగినవాడు తిరిగి ఎక్కకపోవడం ఇంతవరకు జరగలేదు. దిగమన్నవారి చేతిలో మోకు ఉన్నంతకాలం జరగదు.