తునికిగూడెం దుంగల గుడి కొండలు దాటి వచ్చిన వైనం

శబరి ఏటి రేవు దాటి కొండబాట పట్టిన భక్తులు తునికిగూడెం చేరగానే, గుడిని ఎదురుగా పెట్టుకుని గుడి ఏదని అడుగుతారు. తప్పు వారిది కాదు. గోపురం లేదు, సున్నం లేదు. మద్ది దుంగలను అడ్డంగా పేర్చి, పైన గడ్డి కప్పిన పొడవాటి ఇల్లు అది. పక్కనున్న ఉపదేశి నివాసం, వంటిల్లు కూడా దుంగలవే. ప్రతి దుంగ చివరా గొడ్డలి గాట్లు కనిపిస్తాయి. అవి అలంకారమనుకుని కొందరు ఫోటోలు తీసుకుంటారు.

పూర్వం ఇక్కడ ఊరూ లేదు, గుడీ లేదు. బండిబాట ఆగిన చోటు నుంచి అవతలంతా అడవే అయిన ఆ రోజుల్లో, మైదానపు క్రైస్తవ మిషను వారు నల్లి ఫిలేమోను అనే ఉపదేశిని కొండల మీదికి పంపారు. మంచివాడే గాని కాలు ఒకచోట నిలవని మనిషి. అంతకుముందు పంపిన ఏ ఊళ్లోనూ గుడి లేవకముందే మనసు విరిగి వచ్చేశాడు. వానాకాలం వెళ్లాక తాను వచ్చి ప్రతిష్ఠ చేస్తానని, అప్పటికి గుడి నిలబడకపోతే ఉపదేశి పని వదులుకోవలసిందేనని మిషను దొర ఈసారి గట్టిగా చెప్పి పంపాడు.

తూర్పున ఉన్న పాతమిట్ట మీద అప్పుడొక కోయగూడెం ఉండేది. ఫిలేమోను ఒళ్లు దాచుకోలేదు. గూడెం పెద్ద కుర్సం దూలయ్య మనుషులతో కలిసి, నలుగురు పడితే గాని లేవని దుంగలు కొట్టించాడు. ఈ గుడి కదలకూడదని అతని పట్టుదల. పోడు నేల అలసిపోయిందని, వచ్చే సాగు మరో కొండ మీదేనని దూలయ్య మాటల్లో మాటగా చెబుతూనే ఉన్నాడు. గుడి కట్టుకున్నవాళ్లు ఎక్కడికి పోతారులే అనుకుని ఫిలేమోను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

ఒక ఆదివారం ప్రార్థనకు, గంటకు బదులు వేలాడదీసిన ఇనుప పట్టా మోగించాడు. ఎవరూ రాలేదు. గుడిసెల్లో పొయ్యిలు చల్లారి ఉన్నాయి. ఎదుటి కొండ మీద పొగ లేస్తోంది. చెబితే పాతనేల నొచ్చుకుంటుందని, ఊరు లేచేటప్పుడు ఎవరికీ చెప్పకపోవడం ఆ గూడెం వాడుక.

అతనికి ఏం చేయాలో పాలుపోలేదు. వాళ్లను వెనక్కి పిలవాలని కొండ సగం ఎక్కాడు. ఈలోగా దొర వస్తే గుడి దగ్గర ఎవరూ ఉండరని దిగాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఇంత చేస్తే మాటైనా చెప్పకుండా పోతారా అని ఒళ్లు మండింది. ఖాళీ గుడిలో ప్రార్థన మొదలుపెడితే తన గొంతు తనకే వెగటు పుట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అలసి, గోడకు జారగిలబడి కునుకు తీశాడు.

ఆ కునుకులో ప్రభువు కనిపించాడు. భుజాన గొడ్డలి, నెత్తిన విత్తనాల మూట. గుడిలోంచి బయటకు పోతూ గుమ్మంలో ఆగాడు.

"నా వాళ్లు కొండ దాటారు, నేనూ పోతున్నాను. నువ్వు ఇల్లు కాచుకో" అన్నాడు.

మేలుకున్న ఫిలేమోను తిన్నగా కప్పు ఎక్కి గడ్డి పీకడం మొదలుపెట్టాడు. ఏ దుంగ ఏ వరసదో తెలియడానికి చివరల గాట్లు పెట్టాడు. నేడు మనం చూసే గాట్లు అవే. పై దుంగకు తాడు కట్టి లోయలోకి ఈడ్చుకెళ్లాడు గాని, అవతలి గట్టు ఎక్కించడం అతని వల్ల కాలేదు. దుంగ మీద కూలబడి బావురుమన్నాడు. ఆ ఏడుపు విని, పైన పోడు కొడుతున్న దూలయ్య దిగివచ్చి, దుంగనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"ముందే సెప్తే సన్న దుంగలు కొట్టేవోళ్లం గదయ్యా" అన్నాడు. ఆ తర్వాత కేకేసి మనుషులను పిలిచాడు.

దొర వచ్చేసరికి పాతమిట్ట మీద చదును నేల ఒక్కటే మిగిలింది. నిలకడ లేని గుడికి ప్రతిష్ఠ ఏమిటని మండిపడి, ఫిలేమోనును పనిలోంచి తీసేసి వెళ్లిపోయాడు. ఆ ప్రతిష్ఠ నేటికీ జరగలేదు. ఫిలేమోను మాత్రం గూడెంతో పాటే కొండ తర్వాత కొండ తిరిగాడు. గుడి విప్పడం, మోయడం, పేర్చడం వారికి మామూలు పనైపోయింది.

ముసలితనంలో అతని కాళ్లు పడిపోయాయి. అదే ఏడు ఊరు మళ్లీ లేచింది. తనను వదిలేసి గుడిని తీసుకెళ్లమని అతను బతిమాలాడు. దూలయ్య కూతురు, అతని చేత అందరికంటే ముందు బాప్తిస్మం పొందిన ముత్తి ఆ మాట వినిపించుకోక, గుడి తలుపు ఊడదీయించింది.

"నువ్వు లేంది ఈ దుంగలు మాకెందుకయ్యా" అంది.

ఆ తలుపు మీద అతణ్ని పడుకోబెట్టి ముందుగా మోసుకొచ్చారు. దుంగలు ఆ తర్వాతే వచ్చాయి. అలా వచ్చి ఆగిన చోటే నేటి తునికిగూడెం. ఫిలేమోను ఇక్కడే కన్నుమూశాడు.

పోడు ఆగి, భూమి పట్టాలు వచ్చి, ఊరు కదలడం మానేసి చాలా కాలమైంది. అయినా తొలకరి తర్వాతి ఆదివారం గుడి తలుపు ఊడదీస్తారు. నడవలేనివారు ఎందరున్నా, ఎన్ని విడతలైనా సరే, దాని మీద మోసుకొచ్చి ముందు వరసలో దించుతారు. వారంతా వచ్చేదాకా పాట ఎత్తరు. మిరపకోతలకు, ఇటుక బట్టీలకు ఆ ఏడు వలస పోబోయేవారు ఆ రోజు ఒక్కసారైనా తలుపు కింద భుజం పెడతారు. అలా పెట్టినవారు ఎంత దూరం పోయినా, ప్రభువు అక్కడికి తమకంటే ముందే చేరి ఉంటాడని నమ్మకం.

ఆరాధన అయ్యాక తలుపు తిరిగి బిగించే ముందు ఊరి పెద్ద గుమ్మంలో నిలబడి, ఇంకా ఎవరైనా మిగిలారా అని కొండల వైపు కేకేస్తాడు. ఎవరైనా దిగివస్తారేమోనని కాసేపు చూసి గాని తలుపు బిగించరు.