వైడూర్యానికి కట్టిన పాట

అనగనగా అన్నానంటే మీరు ఊఁ కొట్టాలి. కొట్టారా? అయితే వినండి.

తేనెకొండ అని ఒక కోట. దానికి వీరభూపతి రాజు. మనిషి మంచివాడే, కాకపోతే ఆర్భాటం జాస్తి. గుర్రం ఈనినా మేళాలే, గుమ్మడి కాసినా మేళాలే.

ఒకసారి పొరుగు రాణి మందాకినీ దేవి ఆయనకి ఒక వైడూర్యం పంపింది. రేగుపండంత రాయి. దాంతోపాటు ఒక కబురు.

"పున్నమికి మీ ఊరొస్తున్నాను. ఈ రాయి గుణం తెలిసేలా ఒక పాట కట్టించండి. నా కానుకని చూశారో, పెట్టెలో పడేశారో అప్పుడు తెలుస్తుంది."

రాజు ముగ్గురిని పిలిపించాడు. గాయకుడు శేషాద్రి, మృదంగం అన్నప్ప, వీణ నాంచారమ్మ.

"రాణిగారికి ఎవరి పాట నచ్చితే వాళ్లే ఆస్థాన విద్వాంసులు. కోటలో ఉన్న పనసచెక్క వీణ కూడా వాళ్లకే," అన్నాడు.

చిన్నప్పట్నుంచీ నాంచారమ్మ వాయించింది ఆ వీణే. దాని ప్రతి మెట్టూ ఆమె వేళ్లకి తెలుసు. కానీ అది కోట సొత్తు. శేషాద్రి గెలిచాడో, దానిమీద కండువాలు ఆరేసుకుంటాడు.

శేషాద్రి గుమ్మంలోంచే రాయిని చూశాడు. "తేనె రంగు కదా. తియ్యగా ఒక పాట పాడేస్తే సరి," అని వెళ్లిపోయాడు.

అన్నప్ప రాయిని చూడనేలేదు. ఎంత విలువుంటుందని మాత్రం అడిగాడు. "అబ్బో, అయితే డోళ్లూ బాకాలూ ఉండాల్సిందే," అన్నాడు.

నాంచారమ్మ ఖజానా గదికెళ్లి రాయి ముందు కూర్చుంది. కాపలా తిమ్మయ్య చుట్టూ బోలెడు దీపాలు వెలిగించాడు. రత్నం ముందు దీపాలు తగ్గితే మర్యాద కాదని ఆ కోటలో ఆచారం.

"ఏం కనబడిందక్కా?" అన్నాడు కాసేపటికి.

"బెల్లం ముక్క కనబడింది తమ్ముడూ."

మర్నాడూ వచ్చింది. మళ్లీ బెల్లం ముక్కే. నా కళ్లకే ఏమైనా అయిందా అని దిగులుపడింది.

మూడోనాడు తిమ్మయ్య ఇంకా దీపాలు పెట్టకముందే వచ్చేసింది. గది చీకటిగా ఉంది. గోడ కన్నంలోంచి ఒక్క ఎండపొడ వచ్చి రాయిమీద పడుతోంది. చూస్తే ఏముంది! రాయి నడుమ వెంట్రుకంత సన్నగా, తెల్లగా ఒక వెలుగు గీత. రాయిని ఇటు తిప్పితే గీత ఇటు జరిగింది. అటు తిప్పితే అటు. ఎంత తిప్పినా తెగలేదు.

"ఓసి దొంగా, ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నావా?" అని నవ్వుకుంది నాంచారమ్మ.

పున్నమి సాయంత్రం సభ. ఎటు చూసినా దీపాలే.

శేషాద్రి తియ్యగా పాడాడు. రాణి తలూపింది. "బాగుంది. అరటిపండుకి కూడా సరిపోతుంది."

తర్వాత అన్నప్ప. డోళ్ల దెబ్బకి చూరులో పావురాలు లేచిపోయాయి. రాణి చెవుల్లోంచి వేళ్లు తీసి, "బాగుంది. ఏనుగుకి కూడా సరిపోతుంది," అంది.

రాజు మొహం వాడిపోయింది.

నాంచారమ్మ లేచి దణ్ణం పెట్టింది. "ప్రభూ, ఈ దీపాలు..."

"సభలో దీపాలు కొండెక్కించమంటావా? అది అశుభం కదమ్మా," అన్నాడు రాజు కోపంగా.

"వద్దు ప్రభూ. వెలుగుతున్నవి వెలుగుతున్నట్టే వసారాలోకి పంపించండి. రాణిగారి పక్కన ఒక్కటి ఉంచితే చాలు."

"నాంచారమ్మకి వెలుతురంటే పడదేమో," అన్నాడు శేషాద్రి.

రాజు ఒకసారి రాణి వైపు చూసి, సరేనన్నాడు. దీపాలు వరసగా బయటికి వెళ్లాయి. సభ మసకబారింది.

నాంచారమ్మ పనస వీణ ముందు కూర్చుని ఒక్క తీగే మీటింది. ఒక్క స్వరం, సన్నగా, నిలకడగా. ఆ తీగనే లాగుతూ స్వరాన్ని మెల్లగా పైకి జరిపింది, మళ్లీ కిందికి దింపింది. ఎటు జరిగినా నాదం తెగలేదు. మృదంగం లేదు, తాళం లేదు.

రాణి తన పక్కన పెట్టిన పళ్లెంలోంచి వైడూర్యాన్ని తీసి దీపం దగ్గర తిప్పింది. పాట ఎలా జరుగుతోందో, రాయిలో గీతా అలాగే జరిగింది.

రాజు ముందుకి వంగాడు. "అరె, ఇది అచ్చం పిల్లి కన్నులా ఉందే."

"మా ఊళ్లో దీన్ని అలాగే పిలుస్తాం," అంది రాణి. "ఒక్క దీపం దగ్గరే అది కన్ను తెరుస్తుంది. ఇంతమందిలో నా కానుకని చూసింది ఈవిడ ఒక్కర్తే."

రాజు సిగ్గుపడి నవ్వేశాడు. పనస వీణని తనే ఎత్తి నాంచారమ్మ ఒళ్లో పెట్టాడు. శేషాద్రి మాత్రం తిమ్మయ్యని పక్కకి లాగి, ఆ రాయి ఇంకోసారి చూపిస్తావా అని అడిగాడట.

అందుకే పిల్లలూ, దేన్నైనా పొగడాలంటే ముందు హడావిడి పక్కనపెట్టి, దాన్ని ఓపిగ్గా చూడాలి.